ఒకసారి తడితే ఆగాలి

ఫింగల్ మామ నా బూటుని తిరగేసి, అట్టని రెండు బొటనవేళ్లతో వంచబోయాడు. అది వంగలేదు.

"ఇవి ఊరేగింపులకి బావుంటాయి, ఊనా. కింద మేకులు కూడానా! రాయి మీద ఒక్క అడుగేస్తే లోయంతా లేచి కూర్చుంటుంది."

"గని కార్మికులు వేసుకునేవి, మామా."

"వాళ్లు తవ్వింది బొగ్గుని. బొగ్గుకి చెవులుండవు."

నవ్వాను. శనివారం మధ్యాహ్నం. ఆయన వంటింటి నిండా తడిసిన ఉన్ని వాసన, కుక్క వాసన. పొయ్యి పక్కన ఆరు జతల బూట్లు ఆరుతున్నాయి. నీళ్లు పట్టని కొత్తరకం పనికిరావన్నాడు, చిప్స్ పొట్లం నలిపినట్టు చప్పుడు చేస్తాయట. గంబూట్లలో మడమ గుబుక్కుమంటుందట. చివరికి చనిపోయిన అత్తవి, పల్చటి అట్ట ఉన్న పాత తోలు బూట్లు నా ముందు పెట్టాడు.

"పుల్ల విరగకముందే అది నీ కాలికి తెలియాలి. మందపాటి అట్ట చెవిటిది, పిల్లా."

ఆ సాయంత్రం ఆరింటికి ఊరి హాల్లో ఓటింగ్. మా లోయ మొత్తం ఒక్క దొరది. ఏడాదికి పది రోజులు వచ్చి దుప్పుల్ని కాల్చుకుని పోతాడు. మిగతా రోజులన్నీ మేం అతని దయతో ఊపిరి పీలుస్తాం. బతికేవాళ్లదే భూమి అని గ్లాస్గోలో గోడగోడకీ రాసినదాన్ని నేను. ఎస్టేట్‌ని ఊరు కొనుక్కోవాలా వద్దా అన్నదే ఓటు. జంకేవాళ్లని నిలబెట్టడానికి ఓటుకి ముందు చివరి ప్రసంగం నాది.

దొర కొలువులో ఉండి భూమి కొనాలన్న మా అర్జీ మీద సంతకం పెట్టినవాడు ఒక్కడే, దొర వేటగాడు ఫింగల్ మామ. మా నాన్న ఐవర్‌కి ప్రాణ స్నేహితుడు. ఏడేళ్ల కిందట నాన్న ఊరి పైనున్న కొండ అంచు నుంచి పడి చనిపోయినప్పుడు శవపేటికకి ముందు భుజం పట్టింది ఆయనే. "మీటింగ్ అయ్యాక జనానికి దుప్పి మాంసం పెడదాం. దొర దుప్పినే. అయిదింటికల్లా దిగిపోతాం" అని ఆయన అన్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. వర్గ ఐక్యత అంటే ఇదే అనుకున్నాను.

కొండ ఎక్కాం. పైన హీథర్ పొదలు, నల్లటి బురదనేల, ఎక్కడో ఒక మగ దుప్పి రంకె. ఒక పెద్ద బండ దగ్గర ఆగి ఆయన తన బూట్లు విప్పాడు. నేనూ విప్పాను. చివరి రెండొందల గజాలు ఉన్ని మేజోళ్లతోనే పాకడం ఇక్కడి పద్ధతి. అక్కడి నుంచి మాట ఉండదు. వెనకవాడు ముందువాడి అరికాలి మీద తడతాడు. ఒకసారి తడితే ఆగాలి. రెండుసార్లు తడితే కదలాలి. ఎందుకని అడగకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. నడక నేర్చిన కొత్తలోనే నాన్న నేర్పాడు నాకు.

ఆయన ముందు. నేను వెనక.

మేజోళ్లలోకి చన్నీళ్లు ఊరాయి. పాకుతూ ఉండగానే పొగమంచు దిగింది. ముందు కొండ పోయింది. తర్వాత పొదలు పోయాయి. చివరికి నా ముందు పాకే రెండు బూడిదరంగు అరికాళ్లు మాత్రం మిగిలాయి. దుప్పి రంకె ఆగిపోయింది. చచ్చిన గొర్రె లాంటి వాసన...

నా అరికాలి మీద ఎవరో ఒకసారి తట్టారు.

ఆగిపోయాను. మోచేతులు వాటంతటవే ఆగాయి. ముందున్న మేజోళ్లు మంచులో కలిసిపోయాయి. అప్పుడు తట్టింది బుర్రకి... నేనే కదా ఆఖరిదాన్ని?

వెనక్కి చూడలేదు. చూడలేకపోయాను.

మెడ వెనక చల్లగా తగులుతోంది. గాలి. మా వెనక నుంచి ముందుకి వీస్తోంది. మా వాసన మాకంటే ముందే పోతోంది. నలభై ఏళ్లు ఈ పని చేసినవాడు గాలిని వీపున పెట్టుకుని దుప్పి మీదికి వెళ్తాడా?

ఇక్కడ దుప్పి లేదు.

"మామా," అన్నాను గుసగుసగా. "టైమెంత?"

మంచులో పాకుతున్న చప్పుడు ఆగింది. తర్వాత ముందు నుంచి, "నాలుగున్నర" అని వినిపించింది.

"నన్నిక్కడ వదిలేసి పోదామనేనా?"

"...చుట్టూ తిరిగొచ్చి నీ బూట్లు పట్టుకుపోదామనుకున్నా. మంచు విడిచాక దిగేదానివి. ఓటింగ్ అయిపోయేది. అంతే, ఊనా. ఒట్టు."

"దొర చెప్పాడా?"

"ఇల్లు ఆయనది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. అరవై రెండేళ్లొచ్చాయి నాకు. ఎక్కడికి పొమ్మంటావ్? నీ గోడల మీద రాతల్లో పడుకోమంటావా?"

కోపంతో పళ్లు గిట్టకరుచుకున్నాను. ఆ సంతకం, ఆ భుజం, ఆ దుప్పి మాంసం మాట... అన్నీ నాటకమేనా?

ఆయనే అడిగాడు మళ్లీ. "నువ్వెందుకు ఆగావ్?"

"తట్టావుగా."

"నేను ముందున్నాను, పిల్లా."

ఆయన వెనక్కి, నావైపు జరిగిన చప్పుడైంది.

"ఎన్నిసార్లు?" ఆయన గొంతు మారింది.

"ఒకసారి."

"ఐవర్ పోయిన రోజు... వాడు ముందు, నేను వెనక. నా అరికాలి మీద ఒకసారి తట్టారు. ఆగాను. వాడు ఆగలేదు..." ఊపిరి అందడం లేదాయనకి. "ఊనా, నా చెయ్యి పట్టుకో. ఇటు చాపాను చూడు. తల్లీ... చెయ్యందుకో."

మంచులో వేళ్లు తడుముతున్న చప్పుడు వినిపించింది. జానెడు దూరం, అంతే. అబద్ధాలకోరు, నాన్న చావుని కూడా వాడుకుంటున్నాడు అనుకున్నాను. చేతులు గుండె కిందకి లాక్కున్నాను.

అప్పుడు విన్నాను. నా ముందు. తడి ఉన్ని మీద మెత్తగా...

ఒకటి.

రెండు.

"నువ్వేనా?" అన్నాడాయన. "ఊనా, నువ్వేనా..." అంటూనే కదిలాడు. నలభై ఏళ్ల అలవాటు. మోకాళ్లు ముందుకి జరిగిన చప్పుడు. ఆ తర్వాత కేక. అది కిందికి పోయింది. కిందికి... ఇంకా కిందికి... సన్నబడుతూ... ఎంతకీ అడుగు తగలకుండా.

కొండ అంచు నా ముందే ఉందనుకుని, తెల్లారేదాకా వేలు కూడా కదపలేదు.

పొద్దున్నే మంచు విడిచింది. చూశాను. ముందు అంచు లేదు. నలువైపులా మైలు దూరం బల్లపరుపు నేల. నాకు పన్నెండు అడుగుల దూరంలో ఫింగల్ మామ బోర్లా పడి ఉన్నాడు. చేతులూ కాళ్లూ మడతలు పడకూడని చోట్ల మడతలు పడి ఉన్నాయి. కుడిచెయ్యి మాత్రం నావైపు చాపి ఉంది.

వెతుకుతూ కానిస్టేబుల్ ఇన్నెస్ ఒక్కడే ముందుగా పైకి వచ్చాడు. మా లోయలో పుట్టి పెరిగిన ముసలాయన. ఓటింగులో నాలుగు ఓట్లతో ఓడిపోయామని చెప్పాడు. శవాన్ని చూశాడు. నేలని చూశాడు. తలెత్తి ఆకాశం వైపు కాసేపు చూశాడు. పుస్తకం తీసి, కొండ అంచు నుంచి పడి మరణం అని రాశాడు.

"అంచు ఇక్కణ్ణుంచి అరమైలు ఉంది," అన్నాను.

"ఉంది. మీ నాన్నకీ ఇదే రాశాను. ఆయనా ఈ చదును మీదే దొరికాడు. ఏదో ఒకటి రాయాలి కదమ్మా. చదువుకున్నదానివి, ఇంకో మాట తెలిస్తే చెప్పు."

ప్రతిదానికీ నా దగ్గర ఒక మాట ఉండేది. కలం తీసుకుని, సాక్షి అన్న చోట సంతకం పెట్టాను.

కిందికి దిగే కాలిబాట ఒక్క మనిషికి సరిపోయేంత. "నువ్వు నడువు" అన్నాడు. "మీరే నడవండి" అన్నాను. ఇద్దరం కదల్లేదు. తర్వాత ఆ ముసలాయన బాట దిగి నా పక్కకి వచ్చాడు. ముళ్లూ బురదా తొక్కుకుంటూ, భుజానికి భుజం ఆనించి, ఊరు కనిపించేదాకా పక్కపక్కనే దిగాం.