ఎదురొచ్చిన తెల్లదీపం

వీరవేణి నీళ్ళబండి మలుపు తిరిగిందో లేదో వీధిలో టపటపా తలుపులు మూసుకున్నాయి. మాణిక్యాంబ గారు మాత్రం దొరికిపోయింది. ఆవిడ పట్టుచీర కట్టుకుని, పూలూ పళ్ళూ ఉన్న పళ్ళెం పట్టుకుని, కొడుకు పెళ్ళిచూపులకి అప్పుడే మెట్లు దిగుతోంది. వెనక్కి పోదామంటే గుమ్మంలో ఆడపడుచు అడ్డంగా నిలబడి ఉంది.

“ఆపు! అక్కడే ఆపు! కళ్ళు కనపట్లేదా నీకు? శుభమా అని బయల్దేరుతుంటే ఎదురొస్తావా?”

వీరవేణి బండి ఆపింది. బండి నెత్తి మీద స్థితిదీపం తెల్లగా, నిలకడగా వెలుగుతోంది.

“నీళ్ళు తెమ్మన్నది మీరే కదండీ అమ్మగారూ. పొద్దున్నే తెమ్మన్నారు, తెచ్చాను.”

“దీపం ఆర్పేసి రాలేవూ?”

“ఆరితే బండి కూడా ఆగిపోద్దండి. అదేమైనా నా ఇంట్లో దీపమా, ఊదేసి రాడానికి?” వీరవేణి కిందకి దిగి గొట్టం లాగింది. “నిండుబిందె ఎదురొత్తే శుభమని మా అమ్మా చెప్పింది, మీ అమ్మా చెప్పే ఉంటది. నేను ఏకంగా చెరువు తెచ్చానండి. మీ అబ్బాయికి ఈ సంబంధం ఖాయం, సూసుకోండి.”

మాణిక్యాంబ మొహం కందగడ్డలా అయింది. పళ్ళెం ఆడపడుచు చేతిలో పెట్టి, మెడలో వేలాడే బిళ్ళని నోటి దగ్గరికి తెచ్చుకుని, అక్కడికక్కడే ఫిర్యాదు చదివేసింది. ఆవిడ బిళ్ళ పచ్చిపసుపు కొమ్ములా మెరుస్తోంది. నీళ్ళు మాత్రం తొట్టి నిండేదాకా పట్టించుకుంది.

సముద్రం డెల్టాని మింగేశాక పల్లపువాళ్ళంతా మెట్టకి ఎక్కారు. మెట్టనగరం వాళ్ళని రానిచ్చింది, ఎందుకంటే కాలవలు తవ్వడానికీ, అంట్లు తోమడానికీ, కొండవీధుల్లో బండ్లు తోలడానికీ ఎవరో ఒకరు కావాలి. చిక్కల్లా ఒక్కటే. ఎవరు మెట్ట, ఎవరు పల్లం అన్నది మనిషిని చూస్తే తెలిసేది కాదు. అదే రంగు, అదే భాష, అదే పులుసు, అవే దేవుళ్ళు. పక్కింటివాణ్ణి అసహ్యించుకుందామంటే పట్టు దొరక్క పాపం జనం నానా అవస్థా పడ్డారు.

వాస్తవ్యశాఖ ఆ అవస్థ తీర్చింది. అరచేతిలో ఇమిడే చోదకబిళ్ళ ఒకటి తయారుచేయించి ఊరందరికీ పంచింది. మెడలో వేసుకుంటే అదే గుర్తింపు, బండి గూట్లో పెడితే అదే లైసెన్సు. గూట్లో పడగానే బండి పైనున్న స్థితిదీపం బిళ్ళగలవాడి రంగులో వెలుగుతుంది. మెట్టలో పుట్టినవాళ్ళకి పసుపు. అనుమతి మీద ఉంటున్నవాళ్ళకి తెలుపు. తెలుపే ఎందుకయ్యా అంటే, ఇంకా ఏ రంగూ పడలేదు కాబట్టి అని ఆ శాఖ నిపుణులు చెప్పారు. దొంగబిళ్ళలు పుట్టకుండా ఏం చెయ్యాలో వాళ్ళు ఆలోచించారు. వానకి తడిస్తే, ఎండకి కాగితే, పిల్లలు మింగితే ఏమవుతుందో కూడా ఆలోచించారు. తెల్లచీర ఎదురొస్తే ఇంట్లోకి వెళ్ళిపోయే జనానికి తెల్లదీపాలు చూపిస్తున్నామన్న సంగతి మాత్రం ఒక్కడికీ తట్టలేదు.

ఏడాది తిరగకుండా తెల్లదీపం అపశకునమైపోయింది. పరీక్షలకి వెళ్ళేవాళ్ళూ, ఆపరేషన్లకి వెళ్ళేవాళ్ళూ, దుకాణం తెరిచేవాళ్ళూ వీధి అటూ ఇటూ చూసుకోకుండా గడప దాటడం మానేశారు. ఏ వీధిలో ఎప్పుడు తెల్లబండి వస్తుందో ముందే చెప్పే ‘ఎదురుసూచి’ అనే యంత్రం కూడా బజారులోకి వచ్చింది. పంచాంగం పక్కనే పెట్టి అమ్ముతున్నారు.

మధ్యాహ్నానికల్లా వీరవేణిని వాస్తవ్యశాఖకి పిలిపించారు. పరిశీలకుడు కాశీపతి ఆమెని కూర్చోమనలేదు.

“మీ మీద మళ్ళీ ఫిర్యాదు వచ్చింది.”

“ఎదురు రావడం నేరమని ఎక్కడుందండీ?”

“నేరమని ఎవరన్నారు? అసౌకర్యం.” అతను ఆ మాటని చాలా మర్యాదగా పలికాడు. “మేము శకునాలు నమ్మం. శాఖకి అలాంటివి లేవు. కానీ పౌరుల మనోభావాలు లెక్కలోకి తీసుకోవాలి కదా. అసౌకర్యాలు ఇన్ని పోగయ్యాక అనుమతి మామూలుగా పొడిగించడం కుదరదు. ఈ నెలాఖరుతో మీ బిళ్ళ ఆగిపోతుంది.”

బిళ్ళ ఆగితే బండి లేదు. బండి లేకపోతే ఊళ్ళో ఉండే హక్కు లేదు. తిన్నగా కరకట్ట శిబిరానికి తోలేస్తారు. అక్కడ సముద్రం గాలికి కళ్ళు మండుతాయి. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి మెట్టెక్కిన దాఖలా లేదు. కూతుర్ని చూడ్డానికి కూడా రానివ్వరు.

“ఇంక దారి లేదా అండి?”

“ఉంది. పసుపు బిళ్ళ ఉన్న కుటుంబసభ్యులెవరైనా వచ్చి పూచీ పడితే మీకూ పసుపు ఇచ్చేస్తాం. మీ ఆయన మెట్టవాడే కదా?”

“నేను పూచీ మాట ఎత్తగానే ఆయన చెప్పులేసుకుని బయటికెళ్ళాడండి. ఇప్పటికీ చెప్పులు విప్పలేదు.”

కాశీపతికి నవ్వొచ్చింది గాని మింగేశాడు. వీరవేణి మొగుణ్ణి తప్పుపట్టడానికి ఊరంతా సిద్ధంగా ఉండేది గాని, అతని భయం ఊరందరిదీ. పూచీ పడ్డవాళ్ళ పసుపుదీపంలో సన్నటి తెల్లచార పడుతుంది. ఎవరికోసం పూచీ పడ్డారో ఆ మనిషి మంచిగా ఉన్నంతకాలం అది సన్నగానే ఉంటుందని శాఖ అంటుంది. చెరిగిపోతుందని మాత్రం ఎక్కడా అనదు.

“అమ్మాయికి పద్దెనిమిది నిండాయిగా,” అన్నాడు కాశీపతి.

“దాన్ని ఇందులోకి లాగకండి,” అని వీరవేణి చటుక్కున బయటికి వచ్చేసింది.

నిహిత ఈ ఊళ్ళోనే పుట్టింది. తండ్రి తరఫున పసుపు బిళ్ళ వచ్చింది. చిన్నప్పుడు తల్లి బండెక్కి ఊరంతా తిరిగిన పిల్ల, పెద్దయ్యాక బడికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎందుకే అని వీరవేణి ఎప్పుడూ అడగలేదు. తోటిపిల్లలు ఏమంటారో ఆమెకి తెలియంది కాదు. తన మీద ఎవరు నోరెత్తినా రెండు మాటలు తిప్పికొట్టే మనిషి, కూతురి విషయంలో మాత్రం నోరు కుట్టేసుకునేది.

ఆ సాయంత్రం ఆమె ఏమీ చెప్పదలుచుకోలేదు. కానీ నోటీసు అప్పటికే ఇంటి బిళ్ళలన్నింటికీ వచ్చేసింది. నిహిత అన్నం వడ్డిస్తూ మామూలుగా అంది.

“రేపు పొద్దున్న వెళ్దాం. నేను పూచీ ఇస్తాను.”

“ఏమొద్దు. నోరుముయ్యి.”

“ఎందుకొద్దు?”

“చార పడుద్దే. రేపు నీకు ఉజ్జోగం ఇచ్చేవోడు చూస్తాడు, పెళ్ళి సూపులకొచ్చినోళ్ళు చూస్తారు. నీ బతుకు నీళ్ళలో కలపడానికా నిన్ను కన్నాను? కట్ట మీద బతుకుతున్నోళ్ళు లేరా? నేనూ బతుకుతాను.”

“నువ్వక్కడ ఉప్పుగాలి తింటుంటే నేనిక్కడ పసుపు దీపం పెట్టుకుని ఎవరి మొహం చూడనమ్మా?” నిహిత గరిటె గిన్నెలో పడేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. “చార పడితే పడనీ. చూసేవాళ్ళని చూడనీ. నాకు నువ్వు కావాలి.”

వీరవేణికి దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్ళుగా ఎవరి ముందూ కంటతడి పెట్టని మనిషి కంచం ముందు కూర్చుని బావురుమంది. తన పిల్లని ఈ ఊరు పాడుచెయ్యలేకపోయిందని ఆమెకి గర్వం కలిగింది. అందరి ఇళ్ళలోకీ దూరిన ఆ తెల్లరంగు భయం తన ఇంట్లోకి రాలేదనుకుంది. ఏడుపు మధ్యలోనే రెండు ముద్దలు ఎక్కువ తింది.

మర్నాడు ఆమె తెల్లవారకుండానే లేచి కొండమీది వీధులకి నీళ్ళు పోసి వచ్చింది. మనసు తేలిగ్గా ఉంది. ఇవాళ సాయంత్రానికి ఈ బండి పసుపుగా వెలుగుతుంది. మాణిక్యాంబ గుమ్మం ముందు కావాలనే రెండుసార్లు హారన్ కొట్టాలని కూడా అనుకుంది. ఇంటి వీధిలోకి తిరిగేసరికి నిహిత తయారై, తల దువ్వుకుని, గేటు తీసుకుని బయటికి వస్తోంది. లేతాకుపచ్చ చుడీదార్‌లో పిల్ల ఎంత బాగుందో అని మురిసిపోతూ వీరవేణి చెయ్యి ఊపింది.

నిహిత తలెత్తి చూసింది. బండిని చూసింది, దీపాన్ని చూసింది. గేటు బయట పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఏదో మరిచిపోయినట్టుంది అనుకుంది వీరవేణి. బండి ఇంటి ముందు ఆపి తొంగిచూసింది. తలుపు తెరిచే ఉంది. నిహిత ముందుగదిలో కుర్చీలో కూర్చుని గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. గుక్కగుక్కకీ ఆగుతూ, ఏ తొందరా లేనట్టు తాగుతోంది. ఆ కూర్చోవడం ఏమిటో, ఆ నీళ్ళు ఎందుకో వీరవేణికి ఒకరు చెప్పక్కర్లేదు. ఎన్ని ఇళ్ళ కిటికీల్లోంచి చూసిందో!

ఒళ్ళంతా భగ్గుమంది. ఈ ఊరివాళ్ళ మొహాన విసరడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాటలన్నీ ఒక్కసారిగా నాలుక మీదకొచ్చాయి. బండి దిగి విసురుగా లోపలికి వెళ్ళింది.

“ఏంటే ఇది?”

“ఏం లేదమ్మా.” నిహిత తడబడింది. గ్లాసు బల్లమీద పెట్టింది. ఆ పిల్ల కళ్ళలో అసహ్యం లేదు, దాపరికం లేదు. పరీక్ష రోజు ఉండేటంత ఆదుర్దా ఉంది. “నీ పని కోసమే. ఈ ఒక్క పనీ చెడకూడదు కదా. ఇవాళ ఏ తేడా జరిగినా నిన్ను తీసుకుపోతారు. రాత్రంతా నిద్రపట్టలేదమ్మా నాకు. సరిగ్గా అడుగు బయటపెట్టేసరికి...” మాట మింగి, తల్లి చెయ్యి పట్టుకుంది. “వెనకసందులోంచి రాలేకపోయావా?”

పట్టుకున్న చెయ్యి నిహిత వదల్లేదు. తల్లి మీద ప్రేమతోనే పట్టుకుంది. వీరవేణి నాలుక మీది మాటలు ఒక్కటీ పనికి రాకుండా పోయాయి. మాణిక్యాంబని తిట్టొచ్చు, కాశీపతిని నిలదీయొచ్చు, చెప్పులేసుకుని పోయినవాణ్ణి జన్మంతా శపించొచ్చు. తనకోసం దేవుళ్ళకి మొక్కుకుంటూ, తననే చూసి జడుసుకున్న బిడ్డని ఏమని తిట్టాలి?

“పొరపాటైంది తల్లీ,” అంది.

ఈ ఊళ్ళో అడుగుపెట్టాక ఆమె ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

“నువ్వు కాసేపు కూకో. నేను అటేపు నుంచి వత్తాను. నన్ను సూడకుండా రా.”

ఆమె బయటికి వచ్చి బండెక్కింది. వెనక్కి తోలుకుంటూ వీధి చివరిదాకా పోయింది. అక్కణ్ణుంచి చుట్టు తిరిగి ఇంటి వెనక ఇరుకుసందులో, గోడకి ఆనించి బండి పెట్టింది. తెల్లవెలుగు గోడ దాటి అటువైపు పడుతుందేమోనని కిందకి దిగి మరీ చూసుకుంది. పడటం లేదు. మళ్ళీ ఎక్కి కూర్చుని, ముందుగేటు చప్పుడు కోసం చెవులు రిక్కించింది.

గేటు తీసిన చప్పుడైంది. కాసేపటికి నిహిత సందులోకి వచ్చింది. తల వంచుకుని, దీపం వైపు చూడకుండా, పక్కనుంచి వచ్చి బండెక్కింది. మొహం తేటపడింది.

“ఎదురు బాగుందా తల్లీ?” అని అడిగింది వీరవేణి.

“బాగుందమ్మా. ఎవ్వరూ లేరు.”

వీరవేణి బండి కదిలించింది.