ఒరొజాలీ గదిలో కంప్యూటరు

నరీన్ ఊరి నుంచి కొండ పైకి పోయే దారిలో, కనుమ మొదట్లో ఒంటరి గది ఒకటుంది. కొండ మీంచి మంచు ఎప్పుడు విరిగిపడుతుందో కనిపెట్టే కాపలా గది. చీకటి పడ్డాక ఆ గదిలో కంప్యూటరు వేసి, పక్కనే కూర్చున్న మనిషి లేడని చెప్పుకునేవాళ్లు. ఇద్దరు ఉద్యోగులు వచ్చారు... ఇద్దరూ వారం తిరక్కుండానే మూటాముల్లె సర్దుకుని దిగిపోయారు.

ఆ కంప్యూటరు మేలుకోవడానికి అరగంట పట్టేది. ఆ అరగంట మధ్యలో ఎక్కడో — లోపలినుంచి మగగొంతు మూలిగేది. మూడేళ్ల కిందట ఆ కుర్చీలోనే గుండె ఆగి చనిపోయిన పాత ఉద్యోగి ఒరొజాలీ గొంతది అనేవారు.

ఆ చలికాలం కనిషాయ్ అనే పిల్ల ఉద్యోగానికొచ్చింది.

మొదటి సాయంత్రమే కరెంటు పోయి వచ్చింది. ఐదింటికే కటిక చీకటి. గాలి ఈల వేస్తోంది. ఫోను మోగింది — కింద ఊళ్లోంచి బస్సు బయల్దేరిందట, ముప్పైమంది, సగం పిల్లలే. ఇరవై నిమిషాల్లో గది ముందున్న రోడ్డు గేటు దగ్గరుంటుంది. కొండ మీద మంచు ఎంత బరువెక్కిందో చెప్పే అంకెలేమో కంప్యూటరులో ఉన్నాయి. అవి చూస్తేనే బస్సుని వదలాలో ఆపాలో తెలిసేది.

కనిషాయ్ మీట నొక్కింది.

గేటు కాపలా చూసే ముసలి తొక్తొసున్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "బయటికి వచ్చెయ్, అమ్మాయ్. అది లేచేదాకా ఎవరూ లోపలుండరు."

"బయట చలికి నేను చస్తే, అప్పుడు మీకు రెండు దెయ్యాలు తాతా. నేను కదలను."

"వాడు... నన్నే పిలుస్తాడు," అన్నాడు ముసలాయన. "పేరు పెట్టి."

పెట్టె గురగురలాడింది. పది నిమిషాలు. తెర వెలిగింది గానీ బాణం గుర్తు బురదలో ఎద్దులా ఈడ్చుకుంటూ పోతోంది. అంతలో —

"తో... ఓ... ఓక్..."

తొక్తొసున్ పరుగున బయటపడ్డాడు. కనిషాయ్ లేవబోయి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఎవరైతే ఏంటి! పనుంది నాకు. అరుచుకో!"

పళ్లు బిగించి, మీట నొక్కగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల జాబితా తెరిచింది. ముప్పైఏడు! చదరంగం ఆట, నాలుగు గడియారాలు, ఒకదాన్నొకటి పొడుచుకునే వైరస్ కాపలాలు మూడు... అన్నీ ఒక్కసారే గుమ్మంలో తోసుకుంటుంటే ఇంక నడిచేదెలా? అంకెలు చూపేది ఒక్కటి ఉంచింది. మిగతావి వరసగా నిలిపేసింది. చివర్న 'తొక్తొసున్‌కి' అని ఒకటి. దాని మీద వేలు ఆగింది.

దాన్ని వదిలేసి, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టింది.

నిమిషం కూడా పట్టలేదు. తెర తళుక్కుమంది. గొంతు వచ్చింది — మూలుగు కాదు, సాగతీత కాదు, నవ్వుతున్న మనిషి మాట:

"తొక్తొసున్! గేటు దించావా? అంకెలు చూసేదాకా దించే ఉంచు. ముందు గేటు, తర్వాతే టీ!"

కిటికీ అవతల ముసలాయన కొయ్యబారిపోయాడు.

"మీకోసమే రికార్డు చేసి పెట్టాడు తాతా," అంది కనిషాయ్. "పెట్టె ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ ఆయన మాటనీ ఈడ్చింది, అంతే."

"రోజూ మర్చిపోయేవాణ్ణి..." ముసలాయన ముఖం తుడుచుకున్నాడు. "మూడేళ్లు... వాడు గేటు గురించి అడుగుతుంటే పారిపోయాన్రా, దేవుడా!"

తెర మీద అంకెలు ఎర్రబడ్డాయి. గేటు — పైకే ఉంది! వంపులో బస్సు దీపాలు.

ముసలాయన మంచులో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. గేటు కర్ర బస్సు ముక్కుకి జానెడు దూరంలో పడింది.

కనిషాయ్ కూడా వెనకే వచ్చింది. డ్రైవరు దూకాడు. "తియ్యి! నిన్నగాక మొన్నొచ్చిన పిల్లవి, నాకు దారి చెప్తావా?"

"చెప్తా. తియ్యను."

"పై వాళ్లకి ఫిర్యాదు చేస్తా!"

"చెయ్యండి. పేరు కనిషాయ్. రాసుకోండి."

డ్రైవరు గేటు కర్ర మీద చెయ్యి వేశాడు. తొక్తొసున్ అడ్డంగా నిలబడ్డాడు.

అప్పుడు పైన కొండ మూలిగింది. తెల్లటి గోడ ఒకటి చీకట్లో కదిలి, గేటుకి రెండొందల గజాల అవతల రోడ్డంతా మింగి, లోయలోకి పోయింది. మంచు పొడి బస్సు దీపాలను కప్పేసింది.



డ్రైవరు నెమ్మదిగా కర్ర మీద నుంచి చెయ్యి తీసి, బస్సెక్కి ఇంజను ఆపేశాడు.