పన్నెండో సీసా

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు వేసి, మొగుడికి కాఫీ ఇచ్చి, జోతి కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కింది. మొహం మాత్రం మాడిపోయి ఉంది. ఒట్టపిడారం దగ్గర చేలో పండిన నువ్వులను తన దగ్గరే ఉండే అత్త గురువమ్మాళ్ ఏటా విరుదునగర్ గానుగలో ఆడిస్తుంది. అందుకని రెండు రోజుల ముందే ఆ ఊళ్ళోనే ఉండే చిన్నకోడలు అభినయ ఇంటికి వెళ్ళింది. ఇద్దరికీ తలా పది కిలోలు పోయించాను, నీ క్యాను వచ్చి తీసుకుపొమ్మని ఫోన్లో చెప్పింది. చెప్పి ఊరుకోక అభినయ చేసిన పులుసును మెచ్చుకుంది. పదేళ్ళుగా వండిపెడుతున్న జోతికి ఆ మెప్పు ఒక్కనాడూ దక్కలేదు. కడుపు మండదూ మరి!

అభినయ వంటింట్లోకి అడుగు పెట్టగానే జోతి చూపు అలమరా మీద పడింది. లీటరు సీసాల్లో నువ్వుల నూనె వరసగా పెట్టి ఉంది. లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టినా పదకొండే. అంగట్లో లీటరు ప్యాకెట్లు కొనే జోతికి కిలో అన్నా, లీటరన్నా ఒకటే. ఇచ్చిన కాఫీ పక్కన పెట్టేసింది.

"నాకు పది, ఆమెకు పదకొండా అత్తా? చాకిరీకి నేను, పంగు పంచుకోడానికి ఆమెనా?"

గురువమ్మాళ్ వెల్లుల్లి ఒలుస్తూనే ఉంది. అది జోతిని ఇంకా రెచ్చగొట్టింది. పెళ్ళైనప్పటి నుంచి దాచుకున్నవన్నీ ఏకరువు పెట్టింది. అభినయ నెమ్మదిగా చెప్పబోయింది. గానుగలో నూనె తూకానికి పోస్తారట. నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి కిలో నూనె లీటరు సీసా నింపి ఇంకా తొంభై మిల్లీ మిగులుతుందట. ఆ మిగుళ్ళన్నీ చేరితేనే పదకొండో సీసా. అది మెడదాకా నిండనే లేదని ఎత్తి చూపించింది.

"చదివినదానివి. లెక్క నీ పక్కకే తిరుగుతాది" అంది జోతి.

"అట్లయితే మీదీ కొలుద్దాం అక్కా."

ఖాళీ సీసాకు గరాటు పెట్టి, జోతి క్యానులోని నూనె పోస్తూ, నిండినప్పుడల్లా పెద్ద గిన్నెలోకి వంపారు. పది అయింది. పదకొండోది కూడా మెడదాకా నిండింది. క్యానులో ఇంకా నూనె ఉంది. పన్నెండోది నిండాక గానీ అడుగు కనబడలేదు.

"అక్కా, పన్నెండు సీసాలంటే మీది పదకొండు కిలోలు" అంది అభినయ.

జోతి అత్త వైపు తిరిగింది.

"ఆ ఎక్కువ కిలో నా పంగు" అంది గురువమ్మాళ్ తల ఎత్తకుండానే. "శుక్రవారం శుక్రవారం నా తలకీ మోకాళ్ళకీ రుద్దేది నీ నూనెనే కదా. ఏటా పోయిస్తానే ఉండాను."

"ఒక మాట చెప్పకూడదా అత్తా?"

"చెప్పినానంటే నువ్వు రుద్దేది కూలి ఐపోతాది జోతీ."

జోతికి ఏడుపు ఆగలేదు. సిగ్గుతో మొహం గోడవైపు తిప్పుకుంది. అభినయ గరాటు పక్కన పెట్టింది.

"మొన్న శుక్రవారం నేను రుద్దుతానంటే అత్త వద్దన్నారు. జోతి చెయ్యి అలవాటైపోయిందన్నారు. నాకెట్లుంటుంది అక్కా?"

జోతి కళ్ళు తుడుచుకుంది. ఆదివారమైతేనేం అనుకుంది. గిన్నెలోంచి గరిటెడు నూనె తీసి వెచ్చ చేసి, అత్త కాళ్ళ దగ్గర చతికిలబడి, అభినయను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె అరచేతిలో నూనె పోసి, ఆ చేతిని అత్త మోకాలి మీదికి తెచ్చింది.

"కింద నించి పైకి రుద్దాల. ఇట్ల."