స్వామి తీసిన సెల్ఫీ

బతికున్నన్నాళ్లూ స్వామి ఒక్క సెల్ఫీ తీసుకోలేదు. పోయాక మాత్రం ఊరూవాడా అతన్ని ‘సెల్ఫీ స్వామి’ అంది.

అనంతగిరి కొండల్లో, ఒక కాఫీ తోట అంచున, జనం సిగ్నల్ బండ అని పిలుచుకునే రాతి మీంచి అతను లోయలో పడ్డాడు. ఫోన్ మాత్రం ఓ పొదకు చిక్కుకుని పైనే దొరికింది. అందులో ఆఖరి ఫొటో సెల్ఫీ. టీవీవాళ్లకు అంతకంటే ఏం కావాలి? ‘సెల్ఫీ పిచ్చికి మరో బలి’ అని ఎర్రక్షరాలతో సాయంత్రమంతా తిప్పితిప్పి చూపించారు. అతను గూఢచారి అనీ, డ్యూటీలో ఉండగా పోయాడనీ చెప్పడానికి డిపార్ట్‌మెంట్‌కి నోరు లేదు. రికార్డుల ప్రకారం స్వామి ఎరువుల సేల్స్‌మన్.

విశాఖలో, బయట టైపు ఇన్‌స్టిట్యూట్ బోర్డు వేలాడే ఆఫీసులో, చీఫ్ ఫణీంద్ర ఆ ఫొటోని తన ఏజెంట్ ఉమామహేశ్వరి ముందుకి తోశాడు.

స్వామి ముఖం సగమే పడింది. భుజం వెనక పొగమంచు. మంచులో కాఫీ గింజలు ఆరబోసే కళ్లం, అక్కడ బెంచీ మీద ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన. ఆయన నెత్తిన చిన్న ఊదారంగు చుక్క.

“ఈ చుక్కేంటి సార్?”

“లెన్స్ ఫ్లేర్. టెక్నికల్ వాళ్లు చూశారు. వదిలెయ్.”

ఉమ వదల్లేకపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకి పని నేర్పింది స్వామే. బండ అంచుకెళ్లి ఇకిలించే మనిషి కాదతను. కానీ ఫొటో ఉంది. ఫొటో ఎదురుగా పెట్టుకుని కాదనడం ఎలా?

“ఆ ముసలాయన పేరు సర్వేశ్వరరావు,” చీఫ్ బ్రీఫింగ్ మొదలెట్టాడు. “రిటైర్డ్ డిజైన్ ఇంజినీర్. సబ్‌మెరైన్ డ్రాయింగులు కొంటున్న విదేశీ ముఠా ఒకటుంది. మన కోడ్‌నేమ్ ‘పీత’. వాళ్ల ముఖాలు చూసినవాడు ఈయనొక్కడే. సోమవారం క్లోజ్డ్ కోర్టులో సాక్ష్యం. అప్పటిదాకా ఆయన బతకాలి.”

“ఆ కొండమీదే ఎందుకు?”

“అక్కడ కొత్త మనిషి కాలుపెడితే ఊరంతటికీ తెలుస్తుంది. లోకల్ కాంటాక్ట్ భానుశ్రీ. కాఫీ రిసార్ట్ ఉంది, రీల్స్ చేస్తుంది, లక్షల్లో ఫాలోయర్లు. పీత ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటోంది. కానీ మన మనిషి.” ఆ పేరు చెప్తూ చీఫ్ జుట్టు సర్దుకున్నాడు.

“రెండువైపులా తమ మనిషే అనుకుంటున్నారన్నమాట,” అంది ఉమ.

చీఫ్ ఫైల్లో పేజీ తిప్పాడు. “గాడ్జెట్లు లేవు. పెన్ కెమెరా, బటన్ మైక్, పిస్టల్, ఏదీ వద్దు. వాళ్ల దగ్గర స్కానర్లున్నాయి. మామూలు ఫోన్ ఒక్కటే తీసుకెళ్లు. నీ కవర్ ట్రైనర్. కాఫీ రైతు మహిళలకి మొబైల్ కెమెరాతో రోజువారీ ఉపయోగాలు నేర్పుతావు.”

“నేనా?”

“కోడ్ గుర్తుపెట్టుకో. ‘ఈ ఏడు రాజ్‌మా ఎలా ఉంది?’ జవాబు, ‘మంచుకి పూత రాలింది.’”

*

ఆదివారం పొద్దున కళ్లం నిండా మంచు. పది అడుగుల అవతల మనిషి నీడలా ఉన్నాడు. టార్పాలిన్ల మీద మహిళలు శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. బెంచీ మీద సర్వేశ్వరరావు వణుకుతున్నాడు. ఆయనకి వండిపెట్టే తవిటమ్మ విజయనగరం వైపు మనిషి. పొయ్యి దగ్గర్నించే క్లాసు నడిపేస్తోంది.

“ఏటి టీచరమ్మా, ఫొటోలు దిగడానికి కూడా ట్రైనింగా? నా మనవరాలు తినీముందు కూడుని ఫొటో తీత్తాది. ఆ గుంటకి నువ్వే నేర్పినావేటి?”

అందరూ నవ్వారు. ఉమ కూడా నవ్వింది. నవ్వుతూనే బెంచీ వైపు ఓ కన్ను వేసింది. రేపటి కోర్టుకి జీపు సాయంత్రం వస్తుంది. ఈ పగలొక్కటి గడవాలి.

జీపు ఆగిన చప్పుడు. ఎర్ర జాకెట్, తలమీదకి తోసిన కళ్లద్దాలు, మంచులో కూడా మెరిసే పెదాలు. భానుశ్రీ దిగింది.

“మేడమ్, ఈ ఏడు రాజ్‌మా ఎలా ఉంది?”

“మంచుకి పూత రాలింది,” అంది ఉమ.

“ప్చ్, పాపం,” అంటూ భానుశ్రీ తిన్నగా ముసలాయన దగ్గరికెళ్లి చేతిలోని ఉన్ని టోపీ ఆయన తలకి తొడిగింది. “తాతగారూ, నిన్న తడిపేసుకున్నారుగా, ఆరబెట్టి తెచ్చాను. చలి బాగా ఉంది, తీయకండి.” పైనున్న పెద్ద ఉన్ని కుచ్చుని ముద్దుగా సర్దింది. తర్వాత భుజాన డ్రోన్ పెట్టె వేసుకుని ఉమ వైపు చెయ్యి ఊపింది. “మంచు రీల్ ఒకటి తీసుకుంటా. సిగ్నల్ బండ దగ్గరుంటాను.”

ఆ కొండమీద ఫోన్ మోగాలన్నా, ఫొటో పంపాలన్నా ఆ బండే గతి. పెళ్లి సంబంధం మాట్లాడాలన్నా, అంబులెన్స్ పిలవాలన్నా అందరూ అక్కడికే వెళ్తారు. స్వామి కూడా అక్కడికే వెళ్లాడు.

ఉమ క్లాసులో పడింది. మందుల అట్ట అయిపోకముందే ఫొటో తీసిపెట్టుకుంటే షాపువాడికి పేరు చెప్పక్కర్లేదు. మోటారు విప్పేముందు వైర్లు ఫొటో తీసుకుంటే మళ్లీ బిగించేటప్పుడు తికమకపడక్కర్లేదు. సంతకి వెళ్లేముందు పిల్లాడిని ఓ ఫొటో తీస్తే, తప్పిపోయినా ఏ చొక్కా వేశాడో చూపించొచ్చు. ఆ మాటకి మాత్రం ఎవరూ నవ్వలేదు. బుధు అనే ఆమె వెంటనే ఒళ్లోని పిల్లాడిని ఫొటో తీసేసింది.

“అయ్యన్నీ బాగున్నాయి గానీ,” తవిటమ్మ టీవీ రిమోట్ పట్టుకొచ్చింది. “ఇది సచ్చిపోనాది. సీరియల్ సూడ్నేదు. సంతలో కొత్త బేటరీలు కొన్నాను. నీ కెమెరా దీనికేటైనా సేత్తాదా?”

“రిమోట్ చచ్చిందో, టీవీ చచ్చిందో చెప్తుంది. ఇలా తే.” ఉమ ఫోన్ కెమెరా ముందు రిమోట్ పట్టి బటన్ నొక్కించింది. తెరమీద ఏమీ కనపడలేదు.

“సచ్చిందనే గదా నానంట!”

“ఆగు పిన్నీ. వెనక కెమెరాకి లోపల ఒక అడ్డు గాజు ఉంటుంది, ఈ రకం వెలుతురు రానివ్వదు. చాలా ఫోన్లలో ముందు కెమెరాకి ఆ అడ్డు ఉండదు.” ఉమ సెల్ఫీ వైపు తిప్పింది. తెరమీద ఇద్దరి ముఖాలు, మధ్యన రిమోట్. “ఇప్పుడు నొక్కు.”

రిమోట్ కొసన ఊదారంగు చుక్క మిణుకుమంది.

“వోలమ్మో! దీపం!”

“మన కంటికి కనపడదు. దీన్ని ఇన్‌ఫ్రారెడ్ అంటారు. రిమోట్ బాగానే ఉంది, నీ టీవీకే రోగం.”

తవిటమ్మ వేలు తీసింది. చుక్క ఆరిపోయింది.

తెరమీద ఇంకో చుక్క ఆరలేదు.

ఉమ ఫోన్‌ని కదలకుండా పట్టుకుంది. తన భుజం మీదుగా, మంచులో, బెంచీ మీది ముసలాయన నెత్తిన, టోపీ కుచ్చు మధ్యలోంచి ఊదారంగు చుక్క నిలకడగా వెలుగుతోంది. తల తిప్పి చూసింది. ఉత్త ఉన్ని. తెరలో చూసింది. చుక్క.

ఇదే ఫొటో. ఇదే మంచు, ఇదే బెంచీ. స్వామి ముందు కెమెరాతో తీశాడు, ఎందుకంటే ఆ దీపం వెనక కెమెరాకి కనపడదు. ముందు కెమెరాతో వెనక ఉన్నదాన్ని తీస్తే తన ముఖం కూడా పడి తీరుతుంది. అతను తీసింది సెల్ఫీ కాదు, సాక్ష్యం. టోపీ తీయిస్తే ఇచ్చినవాళ్లు జాగ్రత్తపడతారని ముట్టుకోలేదు. ముందు ఆఫీసుకి పంపాలనుకున్నాడు. పంపాలంటే బండ దగ్గరికెళ్లాలి. బండ దగ్గర ఎవరో కాచుకుని ఉన్నారు.

“సార్, ఆ టోపీ మీకు మొదట ఇచ్చిందెవరు?”

“భానుశ్రీయే ఇచ్చిందమ్మాయ్. మీ ఆఫీసు గిఫ్టట కదా!”

అప్పుడే మంచులో ఎక్కడో జుమ్మని చప్పుడు మొదలైంది.

ఈ లోయల్లో శాటిలైట్ సిగ్నల్ సరిగ్గా అందదు. బాంబు మోసుకొచ్చే డ్రోన్‌కి చివరి కొద్ది దూరం దారి చూపడానికి దీపం కావాలి. ఆ దీపం ముసలాయన నెత్తిన ఉంది. ఆయన చుట్టూ ఊరి ఆడవాళ్లు, పసిపిల్లలు.

“లేవండి! పరిగెత్తండి! తోటలోకి!” ఉమ గట్టిగా అరిచింది.

ఒక్కరూ లేవలేదు. బుధు పిల్లాడిని కడుపులోకి లాక్కుని శాలువా మీదికి కప్పేసుకుంది. “తేనెటీగలు! ఎవులూ కదలకండి!”

క్షణంలో కళ్లం నిండా ముసుగులే. లోయలో రాతి అంచుల కింద మనిషంత తేనెపట్లుంటాయి. అవి లేస్తే కదలకూడదని ఇక్కడ నడక రాని పిల్లలకి కూడా తెలుసు. కదిలినవాడినే అవి తరుముతాయి.

“తేనెటీగలు కాదు! బాంబు! లేవండమ్మా!”

“టీచరమ్మా, అరవకు! కూకో!” ముసుగులోంచి తవిటమ్మ కసురుకుంది.

మనుషుల్ని కదపడం తనవల్ల కాదు. కదపగలిగింది దీపాన్నే. ఉమ ఒక్క దూకులో వెళ్లి టోపీ లాగేసింది.

“చలి, అమ్మాయ్!” అంటున్నాడు సర్వేశ్వరరావు.

ఆమె అప్పటికే పరిగెత్తుతోంది. నెత్తి మీద జుమ్మనే చప్పుడు దిశ మార్చింది. తనతోనే వస్తోంది.

సిగ్నల్ బండ మీద ఎర్ర జాకెట్ కనపడింది. భానుశ్రీ చేతిలో కంట్రోలర్. ఉమ చేతిలో టోపీ చూడగానే ఆ మెరిసే పెదాలు పాలిపోయాయి. రెండో చేతిలోకి చిన్న పిస్టల్ వచ్చింది.

“అక్కడే ఆగు.”

ఉమ ఆగలేదు. “డ్రోన్ వెనక్కి తిప్పు.”

“ఇప్పుడది నా చేతిలో లేదు. దీపం కనపడితే దాని పని అదే చూసుకుంటుంది. టోపీ వదిలెయ్!”

“కాల్చు. నేను పడితే టోపీ నీ కాళ్ల దగ్గరే పడుతుంది.” ఉమ ఇంకో అడుగు వేసింది. “స్వామిని ఇక్కణ్ణించేనా తోశావు?”

“వెతుక్కుంటూ పోవాల్సిన పని ఉందా?” భానుశ్రీ చూపు పైన మంచులోకి పోయింది. “సిగ్నల్ కావాలంటే అందరూ ఇక్కడికే రావాలి. కూర్చుంటే చాలు.”

మంచుని చీల్చుకుని నల్లటి ఆకారం నెత్తిమీదకి దిగింది. రెక్కల గాలికి ఉమ జుట్టు లేచింది. ఆఖరి క్షణంలో ఆమె బలమంతా చేతిలోకి తెచ్చుకుని టోపీని లోయలోకి విసిరింది. డ్రోన్ ఆమె భుజం పక్కనుంచి గద్దలా దానివెంట దూకింది.

లోయ అడుగున ఉరిమినట్టయింది. బండ కంపించింది. తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి మళ్లీ జుమ్మని చప్పుడు. ఈసారి నిజంగా తేనెటీగలే.

ఉమ చున్నీ నెత్తిమీదకి లాక్కుని ఉన్నచోటే ముడుచుకు కూర్చుంది. ఊపిరి కూడా మెల్లగా తీసింది. భానుశ్రీ పరిగెత్తింది. చేతులూపుతూ, కేకలు పెడుతూ, పిస్టలూ కళ్లద్దాలూ తలో దిక్కూ విసిరేస్తూ జీపు వైపు పరిగెత్తింది. నల్లటి మబ్బు ఆమె వెంటే పోయింది. జీపు తలుపు తీయకముందే పడిపోయింది. చాలాసేపటికి ఊరివాళ్లు తడి గోనెసంచులు కప్పి లేవదీసినప్పుడు, లక్షల ఫాలోయర్లలో ఒక్కరు కూడా ఆ ముఖాన్ని గుర్తుపట్టేలా లేరు. బతికింది మాత్రం. పీత ముఠా పేర్లన్నీ చెప్పడానికి సరిపడా బతికింది.

ఉమ బండ మీద నిలబడింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు లేచాయి. వార్తల్లోంచి స్వామి ఫొటో తెరిచి, ఊదారంగు చుక్క చుట్టూ గీత గీసి, చీఫ్‌కి పంపింది. స్వామి పంపలేకపోయిన చోటునుంచే పంపింది.

*

సర్వేశ్వరరావు సోమవారం తల మీద టోపీ లేకుండా, తుమ్ముతూ సాక్ష్యం చెప్పాడు. పేపర్లలో పేలుడు క్వారీ బ్లాస్టింగ్ అయింది. భానుశ్రీ ‘విదేశీ టూరు’కి వెళ్లింది.

“మరి స్వామి, సార్?” అడిగింది ఉమ.

చీఫ్ ఫైలు కట్టి సొరుగులో పెట్టాడు. “ఆపరేషన్ రహస్యం. పేపర్లో ఏం పడిందో అదే ఉంటుంది. సారీ.”

ఆ సాయంత్రమే ఉమ విజయనగరం వెళ్లింది. స్వామి భార్య అప్పలనర్సమ్మ టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. టీవీ మీద దుప్పటి కప్పి ఉంది.

“ఆవేళ ఆయన్ని సూపించినకాడ్నించి పెట్నేదు,” అంది. “రేషను కొట్టుకాడ కూడా నవ్వుతున్నారు ఉమా. మనిషి పోతే ఏడవాల గానీ, నవ్వుతారేటి?”

ఉమ టీ గ్లాసు కింద పెట్టింది. చెప్పకూడదని సంతకం పెట్టి వచ్చింది. చుట్టూ చూసింది. “వదినా, ఆ రిమోట్ ఇలా ఇవ్వు. అన్నయ్య ఫోన్ కూడా.”

పగిలిన అద్దంతో ఫోన్ ఇంకా పోలీసు కవర్లోనే ఉంది. ఉమ వెనక కెమెరా ముందు రిమోట్ నొక్కించింది. ఏమీ లేదు. ముందు కెమెరా తిప్పింది. ఊదారంగు చుక్క మిణుకుమంది. ఇక ఒక్క మాట మాట్లాడకుండా, అదే ఫోన్‌లోని ఆఖరి ఫొటో తెరిచి ఆమె చేతికిచ్చింది.

అప్పలనర్సమ్మ ఫొటో చూసింది. రిమోట్ చూసింది. మళ్లీ ఫొటో. ఆమె వేలు భర్త ముఖం మీంచి మెల్లగా జరిగి, వెనకాల మంచులోని చుక్క మీద ఆగింది.

“అయితే ఈయన... తన్ని తాను తీసుకోనేదు.”

ఉమ గ్లాసు అందుకుంది. టీ తాగింది.

అప్పలనర్సమ్మ లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని, టీవీ మీది దుప్పటి లాగి మడతపెట్టింది.

తిరుగు బస్సులో ఉండగా చీఫ్ ఫోన్ చేశాడు. “స్వామి ఇంటికి వెళ్లావట. ఆపరేషన్ సంగతి ఏమైనా చెప్పావా?”

“లేదు సార్. రిమోట్ పనిచేస్తోందో లేదో చూశాం, అంతే,” అంది ఉమ. “పనిచేస్తోంది.”