తలుపు కింది ఉత్తరాలు

ఆ లైబ్రరీ మేడమీద చివరి గదికి మంచిపేరు లేదు. పాత కుటుంబాల సొంత కాగితాలన్నీ అట్టపెట్టెల్లో అక్కడే ఉంటాయి. పొద్దుగూకాక లోపల పెన్సిలు గీకుతున్న చప్పుడు వస్తుందని ఊడ్చే ఆవిడ ఒట్టేసి చెప్పేది. ఎలుకలే అని అందరూ కొట్టిపారేశారు... హెడ్మాస్టరు సంగతి జరిగేదాకా. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. పరువంటే ప్రాణం. ఆయన తమ్ముడు అటక దులిపి, ఇంటి కాగితాలన్నీ కనీసం చూడకుండా లైబ్రరీకి ఇచ్చేశాడు. మర్నాటినుంచి వాటిని ఎవరైనా చదువుకోవచ్చు. అందులో మేనత్త ఉత్తరాలు నలభై ఒకటి ఉన్నాయి — ఒక్కటీ పోస్టు కాలేదు.

తన పేరనున్న ఇల్లు అన్నకు రాసివ్వనంది, అదీ ఆమె నేరం. పిచ్చిదని చాటి, అన్నగారే గదిలో పెట్టి తాళం వేశాడు. ఆమె పెన్సిలు ముక్కతో ఉత్తరాలు రాసి తలుపు కిందనుంచి తోసేది. "పోస్టులో వెయ్యరా, నా బంగారుకొండా..." అని గుసగుసగా బతిమాలేది.

ఆ పదేళ్ల బంగారుకొండే ఈ హెడ్మాస్టరు. వాటిని తిన్నగా నాన్న చేతిలో పెట్టేవాడు. ఉత్తరానికో గాజుగోళీ ఇచ్చేవాడు నాన్న. ఆ గోళీలతో ఆ తలుపు ముందే ఆడేవాడు! ఆ చప్పుడు వింటూనే ఆమె పోయింది.

కాగితాలు అందరికీ అందేముందు సాయంత్రం, లైబ్రరీ మూసే వేళకు ఆయన ఆ మేడమీది గదికి వచ్చి పెట్టె అడిగాడు. లైబ్రేరియన్ అమ్మాయి దాన్ని తూచి ఇచ్చింది. కాగితం మాయమైతే తెలియాలని అక్కడి పద్ధతి. పాత కాగితాలకు సిరా అంటకూడదని ఆయన పెన్ను తీసుకుని పెన్సిలు చేతికిచ్చింది.

"పది నిమిషాలే సార్. ఈలోపు కిటికీలు మూసొస్తాను."

ఆమె వెళ్లగానే ఉత్తరాలన్నీ చొక్కాలో దోపుకున్నాడు. తూకం సరిపోవాలని తెచ్చుకున్న తెల్లకాగితాలు పెట్టెలో సర్దబోయాడు — లైటు పోయింది.

తలుపు లాగాడు. రాలేదు.

"అమ్మాయ్... తలుపు తియ్యమ్మా!"

తలుపు బాదాడు. తలుపు కింద మాత్రం సన్నటి వెలుగు. ఒక తెల్లకాగితం మీద 'తలుపు తియ్యండి' అని రాసి కిందనుంచి తోశాడు. అవతలనుంచి ఎవరో మెల్లగా లాక్కున్నారు. హమ్మయ్య అనుకున్నాడు.

టక్...

గచ్చు మీద గోళీ పడ్డ చప్పుడు.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకొకటి రాశాడు. లాక్కున్నారు. టక్... మూడోది... ఐదోది... ఎనిమిదోది... తలుపు కదల్లేదు. చివరికి, జన్మలో ఎవరికీ చెప్పకూడదనుకున్నదే రాశాడు — 'అత్తయ్యా, నీ ఉత్తరాలు నాన్నకిచ్చింది నేనే. తెలిసే ఇచ్చాను. తలుపు తియ్యి.'

అదీ పోయింది. టక్...

లైటొచ్చింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా లైబ్రేరియన్ అమ్మాయి.

"ఏంటి సార్ ఈ చెమటలు? ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు."

బయట గచ్చు మీద ఒక్క కాగితం లేదు. చొక్కా తడుముకున్నాడు... ఖాళీ.

ఆమె పెట్టె తూచి మొహం చిట్లించింది. "బరువు పెరిగిందేంటి?" మూత తీసి లెక్కపెట్టింది. మేనత్తవి నలభై ఒకటి. వాటి కింద ఇంకో తొమ్మిది... ఆయన చేతిరాతలో.

"అవి నావమ్మా... ఇచ్చెయ్యి." పెట్టెమీదికి చెయ్యి చాచాడు.

"పెట్టెలో చేరింది బయటికివ్వకూడదు సార్. రేపు అందరితోపాటు వచ్చి చదువుకోండి."

పెట్టె అడుగున ఏదో దొర్లింది. ఆమె చెయ్యి పెట్టి, గుప్పిట తీసి ఆయన ముందు తెరిచింది. తొమ్మిది గాజుగోళీలు.

"ఇవి కూడా మీవేనా సార్?"