ఎత్తు మంచం

వాత పెట్టడానికి ఇనుప కడ్డీ పట్టుకొని వచ్చినవాడి మీద మనసు పడటం ఎక్కడైనా ఉంటుందా? సోమమ్మ కథ మాత్రం అక్కడే మొదలయింది.

రామన్నపేట అవతల గొర్రెల మందలే ఆస్తిగా బతికే పల్లె అది. తల్లీ తండ్రీ లేని సోమమ్మను మైసమ్మవ్వ పెంచింది. రెండేళ్ల కింద ఆ పిల్లకు వింత జబ్బు చేసింది. తొడలూ భుజాలూ పుండ్లలా సలిపేవి. జడ వేసుకుందామంటే చేతులు తలదాకా లేచేవి కావు. కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాల్సిందే. ఊళ్లోవాళ్లు జబ్బు చేసిన గొర్రెకు పెట్టినట్టే ఆమె భుజాలకూ వాతలు పెట్టారు. కాలిన పుండ్లు మానాయి గాని నొప్పి మానలేదు. చివరికి పట్నం దవాఖానలో డాక్టరమ్మ చూసి, కండలకు వాపు వచ్చిందనీ, అలసిపోకుండా చూసుకుంటూ వేడి కాపడం పెట్టుకోవాలనీ చెప్పింది. తగ్గినా మళ్లీ తిరగబెట్టవచ్చని కూడా అంది. తగ్గింది. ఈ మాఘంలో తిరగబెట్టింది.

సోమమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్లీ కడ్డీ కాలుస్తారు. అవ్వ చూడకుండా గుంజ పట్టుకొని లేచేది. ఉన్ని వడికేటప్పుడు దారం లాగే చేతిని మోకాలి మీద ఆనించుకునేది. నొప్పి ఎక్కువైతే దారం తెగిందని అబద్ధమాడి రాట్నం ఆపేది. తోటి పిల్లలు బావికి పిలిస్తే పనుందనేది. కొన్నాళ్లకు వాళ్లు పిలవడం మానేశారు. చూడటానికి మనిషి నిండుగానే ఉంది, లోపలి సలుపు ఎవరికి కనపడుతుంది? రోజంతా ఉన్ని వాసన, రాట్నం చప్పుడు, తను. ఒక్కోసారి నొప్పి కన్నా అదే ఎక్కువ బాధపెట్టేది.

ఓ సాయంత్రం పీట మీంచి లేవబోయి పడిపోయింది. అవ్వకు సంగతి అర్థమైంది. తెల్లారగానే పర్వతాలుకు కబురు పంపింది.

పర్వతాలు సోమమ్మకు వరుసకు బావ. పొడుగు మనిషి, భుజాన గొంగడి. ఏ మందలో వాత పెట్టాలన్నా అతని చెయ్యే కావాలనేవాళ్లు. వస్తూనే పొయ్యిలో కడ్డీ పెట్టాడు.

"జర చెయ్యి ఇటియ్యి పిల్లా. కండ్లు మూసి తెరిచేలోపల అయిపోతది."

"దగ్గరికొస్తే కదురుతోని పొడుస్త బావా!"

"పొడువు. ముందుగాల చెయ్యి లేపు, సూస్త."

సోమమ్మ రాట్నం కదురు పట్టుకొని చెయ్యి లేపబోయింది. చెయ్యి లేవలేదు. ఆమె కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా నవ్వుతున్న పర్వతాలు నవ్వు ఆపేశాడు. రవిక చేతి కింద పాత వాతల మచ్చలు అప్పుడు చూశాడు.

"గివి పెట్టినంక తగ్గిందా?"

"తగ్గితె నీతోని లొల్లి ఎందుకు పెట్టుకుంట?"

"మరి దేనితోని తగ్గింది?"

"వేడి కాపడంతోని. గయన్ని ఎవ్వలడిగిండ్రు?"

"నేనడుగుతున్న గద."

ఇన్నాళ్లలో ఆ మాట అడిగినవాడు అతనొక్కడే. సోమమ్మ తల తిప్పుకుంది.

పర్వతాలు కడ్డీ తీసి బయటపడేశాడు. "అవ్వా, పొయ్యి ఎట్లాగూ మండుతాంది. ఇసుక వేయించు" అన్నాడు. చిరిగిన గొంగడి ముక్కలో వేడి ఇసుక మూటకట్టి అవ్వ చేతికిచ్చి, తను వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజూ మంద ఇల్లు చేరాక వాగు ఇసుక తెచ్చేవాడు. తగ్గిందా అని అడిగేవాడు కాదు.

"ఇయ్యాల ఎక్కడ?" అనేవాడు.

"ఎడమ భుజం."

"నిన్న కుడి అన్నవ్?"

"అది తిరుగుతది. నీ లెక్క."

ఎండలు ముదిరాయి. మేత కోసం మందలు కృష్ణ ఒడ్డుకు వలస పోయే రోజు వచ్చింది. మంద బయలుదేరేటప్పుడు ఇంటి ఆడవాళ్లు పసుపు నీళ్లు చల్లడం అక్కడి ఆచారం. పెళ్లికాని పిల్ల పెళ్లికానివాడి మందకు చల్లిందంటే పెళ్లికి ఒప్పుకున్నట్టే లెక్క.

"రేపు వాకిట్లకొస్తవా?" అడిగాడు పర్వతాలు, నేలచూపులు చూస్తూ.

"చూద్దాం తియ్" అంది సోమమ్మ. లోపల మాత్రం చెంబు అప్పుడే తోమి పెట్టింది.

తెల్లవారి మంద గంటలు వినిపించాయి. అవ్వ అప్పటికే మందలను సాగనంపడానికి వాడ చివరకు వెళ్లింది. సోమమ్మ చెంబు పట్టుకొని లేవబోయింది. తొడలు మాట వినలేదు. గుంజ అందలేదు. గంటలు గుమ్మం ముందు ఆగాయి, కాసేపటికి కదిలాయి. ఒక్కసారి పిలవొచ్చు కదా అనుకుంది. నేనైనా పిలవొచ్చు కదా అనీ అనుకుంది. పిలిస్తే అతను లోపలికి వస్తాడు, నేలమీద కూలబడ్డ తనను చూస్తాడు. పిలవలేదు.

ఆ ఎండాకాలం ఎంతకీ తరగలేదు. పొద్దున కాసేపు వడికేది, ఎండపొద్దు పడుకునేది, సాయంత్రం అతను పోసి వెళ్లిన ఇసుకే వేయించుకునేది. కాస్త తెరిపి ఉన్న రోజు చెప్పుకుందామంటే ఎక్కడ అని అడిగేవాడు లేడు.

మిరుగు కార్తె తొలి వానతో పాటు గంటలు వినిపించాయి. పర్వతాలు తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు, చంకలో ఏదో మూట.

"వాకిట్లకు రాకపోతే నేనంటే ఇష్టం లేదనుకున్న. మందలో ఓ గొర్రె పొద్దుగాల లేవలే. పిలిచిన, అదిలించిన, లేవలే. ఎత్తుకుంటుంటే బుద్ధొచ్చింది. నువ్వు ఇష్టం లేక కాదు, లేవరాక రాలేదని."

"అంటే నేను గొర్రెనా?"

"గొర్రె గిన్ని మాటలనదు."

సోమమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతను మూట విప్పాడు. కృష్ణ ఒడ్డున చెక్కిన నాలుగు మంచం కోళ్లు, ఒక్కోటి తొడ ఎత్తు. అవ్వ మంచం పాత కోళ్లు ఊడదీసి వీటిని బిగించాడు.

"గింత ఎత్తా! నేనెట్ల ఎక్కాలెరా?" అంది మైసమ్మవ్వ.

"నీకు కాదవ్వా. ఆమెకు. జాగా మిగిలితే నాకు."

అవ్వ ముఖం తిప్పుకొని, పసుపు డబ్బా వెతకడానికి లోపలికి పోయింది.

సోమమ్మ మంచం అంచున కూర్చుంది. పాదాలు నేలకానించి, ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి నిలబడింది. నొప్పి ఉంది. అయినా లేచింది.

"ఇది పోదు బావా. తగ్గుతది, మళ్ల వస్తది."

"రానీ. నేను సుత ఏటేటా పోయి వస్త గద."

ఆమె అవ్వ పసుపు కలిపిచ్చిన చెంబు తీసుకొని వాకిట్లోకి నడిచింది. వానలో మంద ఇంకా నిలబడే ఉంది. చెయ్యి నడుము దాటి లేవలేదు. పసుపు నీళ్లు గొర్రెల దాకా పోలేదు. ఎదురుగా నిలబడ్డ పర్వతాలు పాదాల మీద పడ్డాయి. అతను పక్కకు జరగలేదు.