ముద్దాయి పాత్ర

కూతురు లాస్య దహనం అయిన మర్నాడు ఉదయం ఈశ్వరి వంటగదిలో నిలబడి, గోడమీది చూపుతెరతో ఎప్పటిలాగే, "లాస్య పాడిన పాట పెట్టు" అంది. తెర వెలిగింది గానీ పాట రాలేదు. "ఇది చూసే పాత్ర మీకు లేదు" అని మెత్తటి గొంతు ఒకటి చెప్పింది.

ఆ కాలంలో విశాఖలో ఎవరి ఇంట్లోనూ ఫొటోలు, వీడియోలు ఉండేవి కావు. జనం జీవితాలన్నీ మహానిధి అనే ఒకే భాండాగారంలో భద్రంగా ఉండేవి. అందులో మనిషికి హక్కులు లేవు, పాత్రకే ఉన్నాయి. డాక్టరు పాత్రకు రోగి వివరాలు, తల్లి పాత్రకు బిడ్డ ఆటపాటలు. పాత్ర పోతే హక్కూ పోతుంది. ఒకరి గుట్టు ఒకరు లాగడం ఆగిపోయిందని అందరూ ఆ ఏర్పాటును మెచ్చుకునేవారు. ఈశ్వరి కూడా మెచ్చుకుంది.

భర్త సూర్యారావును వెంటబెట్టుకుని ఆమె పాత్రల కార్యాలయానికి వెళ్ళింది. అక్కడి అధికారి గఫూర్ ఇద్దరినీ కూర్చోబెట్టి మంచినీళ్ళిప్పించాడు.

"మరణం నమోదవగానే తల్లి పాత్ర, తండ్రి పాత్ర వాటంతటవే రద్దవుతాయమ్మా. మా చేతిలో ఏమీ లేదు."

"నా బిడ్డకి నేను తల్లిని కాకుండా ఎలా పోతానండీ?"

"మహానిధి లెక్కలో బిడ్డ ఉన్నంతవరకేనమ్మా."

"ఇంక ఎవరూ చూడలేరా?" అన్నాడు సూర్యారావు.

"ఏదైనా కేసు నడిస్తే కోర్టు చూస్తుంది. ముద్దాయి చూడొచ్చు. తన కేసుకి సంబంధించిన ప్రతిదీ చూసే హక్కు ముద్దాయికి ఉంటుంది. అవన్నీ మనకెందుకు సార్, అమ్మగారిని ఇంటికి తీసుకెళ్ళండి."

లాస్య బాల్కనీలో కుర్చీ ఎక్కి, తొంగి చూడబోయి పడిపోయింది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఈశ్వరి ఒక్కతే. ఇంట్లో జరిగేవన్నీ మహానిధికి పంపే చూపుకన్ను బాల్కనీ వైపు లేదు.

కార్యాలయం నుంచి వచ్చిన సాయంత్రమే ఆమె పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, పాపను తానే తోసేశానని చెప్పింది.

అరెస్టు నమోదైన వెంటనే ఆమెకు ముద్దాయి పాత్ర వచ్చింది. జైలు గది తెరమీద ఆరేళ్ళ లాస్య మొత్తం తెరుచుకుంది. పాలపళ్ళు, నత్తి మాటలు, స్నానానికి మారాం, ఆ పాట. ఈశ్వరి అన్నం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తినడం మరచిపోయి చూస్తూ ఉండేది.

సూర్యారావు ములాఖత్‌కి వచ్చాడు. గడ్డం పెరిగిపోయి ఉంది.

"అబద్ధమని చెప్పు ఈశ్వరీ. ఇంకేం అడగను."

ములాఖత్ గదిలో ప్రతి మాటా మహానిధికి చేరుతుంది. అబద్ధమంటే కేసు ఉండదు, కేసు లేకపోతే లాస్య ఉండదు. ఆమె బల్లకేసి చూస్తూ, "నిజమే" అంది. అతను లేచి వెళ్ళిపోయాడు.

తీర్పు వస్తే ముద్దాయి పాత్ర ముగిసిపోతుందని, ఖైదీకి ఆ హక్కు లేదని లాయరు చెప్పాడు. అందుకని తర్వాతి విచారణలో ఆమె మాట మార్చింది. తోయలేదు, పట్టుకోగలిగీ వదిలేశానంది. మళ్ళీ దర్యాప్తు మొదలైంది. ఆపై విచారణలో, పాలలో ముందే మత్తుమందు కలిపానంది. ప్రతి కొత్త మాటకీ ఒక వాయిదా దొరికేది. సూర్యారావు సాక్షి కాబట్టి ప్రతిసారీ ముందు వరసలో కూర్చుని, తన కూతురు ఎలా చచ్చిపోయిందో కొత్తగా వినాల్సి వచ్చేది.

ఒక విచారణలో అతను లేచి నిలబడ్డాడు. న్యాయమూర్తి వారించబోయి ఆగాడు.

"ఏదో ఒకటి ఖాయం చెయ్యి," అన్నాడు సూర్యారావు, రెండు చేతులూ జోడించి. "నీకు దణ్ణం పెడతాను. కళ్ళు మూస్తే పాప రోజుకో రకంగా చచ్చిపోతోంది. ఇంక నావల్ల కాదు."

ఈశ్వరి అతని చేతులవైపు చూసింది. తర్వాత న్యాయమూర్తి వైపు తిరిగి, "అయ్యా, ఆ రోజు జరిగింది ఇంకోటుంది" అంది.